పూజ బిళ్ళ

ఉదయం ఏడు కాకముందే ఇందుమతి తలారా స్నానం చేసి వచ్చి వంటింట్లో ప్రెస్ తలుపులు బార్లా తీసేది. ఐర్లండులో గోడ అల్మరాని ప్రెస్ అంటారు. గాల్వేలో అద్దెకు దొరికిన ఇంట్లో పూజగది ఎక్కణ్ణుంచి వస్తుంది? పప్పుల డబ్బాలు కింది అరకు దించి, పై అరలో దేవుళ్లను పెట్టుకుంది. కార్తీకమాసం కాబట్టి అక్కడ ఇంకా చీకటే, పైగా ముసురు. బోర్లించిన కుక్కరు మీద ల్యాప్‌టాప్ నిలబెట్టి, గ్లాసెడు నీళ్లతో ఒక చిన్న తెల్లబిళ్ళ మింగి, అప్పుడు దీపం వెలిగించేది. పారాయణం ఉన్న రోజుల్లో ఈ వరస ఒక్కనాడూ తప్పలేదు.

అదేం బిళ్ళ అని మగవాళ్లు అడుగుతారేమో గానీ, ఆడవాళ్లు అడగరు. మన ఇళ్లలో పెళ్లి పెట్టుకున్నా, వ్రతం అనుకున్నా, తిరుపతి ప్రయాణం కట్టినా ఆడవాళ్లు పంచాంగం కంటే ముందు తమ తేదీలు చూసుకుంటారు. ఆ తేదీ వచ్చి ముహూర్తం మీద పడితే, మందుల షాపులో చీటీ కూడా అడక్కుండా ఇచ్చే బిళ్ళ ఒకటుంది. నెలసరిని వాయిదా వేస్తుంది. షాపువాడు అడగడు, కొన్నవాళ్లు చెప్పరు. ఇందుమతి వాళ్ల బృందంలో దానికి ముద్దుపేరు పూజ బిళ్ళ. కరోనా రాకముందు ఆ ఫిబ్రవరిలోనే ఒంగోలు నుంచి వచ్చి వెళ్లిన ఆమె తోడికోడలు, ఆవకాయ సీసాతో పాటు ముప్ఫై అట్టలు తెచ్చి ఇచ్చింది.

ఆ బృందం సంగతీ చెప్పాలి. లాక్‌డౌన్ పెట్టాక, డబ్లిన్ శివారు లెపర్డ్స్‌టౌన్‌లో ఉండే ఉమ అనే ఆవిడ ఆషాఢంలో దేశంలోని తెలుగు ఆడవాళ్లను జూమ్‌లో పోగుచేసింది. డబ్లిన్, కార్క్, డండాక్, గాల్వే, ఎక్కడివాళ్లు అక్కడే కూర్చుని రోజూ ఉదయం ఏడింటికి అమ్మవారి సహస్రనామ పారాయణం చేసేవారు. నలభై మంది. గొంతు బాగుంటుందని ఇందుమతిని ముందు చదవమన్నారు. ఆమె ఒక నామం చదివితే, మిగతావాళ్లు మ్యూట్‌లో పెదాలు కదిపేవారు. పారాయణం అయ్యాక పావుగంట కబుర్లు. ఎవరింట్లో పెరుగు తోడుకుంది, ఎవరి మెంతికూర మొలిచింది, ఎవరి తల్లిగారికి ఊళ్లో పాజిటివ్ వచ్చింది. ఇందుమతికి రోజు మొత్తంలో మనిషి మాట వినిపించేది ఆ పావుగంటే.

ఇంట్లో మనుషులు లేరా అంటే ఉన్నారు. భర్త రఘువీర్ మెడికల్ డివైస్ కంపెనీలో ఇంజనీరు. గుండె రక్తనాళాల్లో వేసే సన్నని గొట్టాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసే ఉద్యోగం. పొద్దున ఎనిమిదికి పై గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంటే, భోజనానికి వచ్చి ఫోను చూస్తూ తిని మళ్లీ పైకి. పద్నాలుగేళ్ల కూతురు లోహిత చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఇంకో గదిలో. "తిన్నావా నాన్నా" అంటే, "అయామ్ గ్రాండ్, అమ్మా" అని, బాగానే ఉన్నానన్నట్టు గాల్వే యాసలో ఒక ముక్క అనేసి తలుపు వేసుకునేది. పొరుగావిడ మేరీ కూడా వైరస్ భయంతో కిటికీలోంచి చెయ్యి ఊపడమే. అయిదు కిలోమీటర్లు దాటి వెళ్లకూడదని ప్రభుత్వం ఆంక్ష పెట్టింది. దాటి వెళ్లేందుకు ఆమెకు ఎవరున్నారు గనక?

ఉమ పెట్టిన నియమం ఒకటుండేది. అందరూ కెమెరా పెట్టాలి. బయట ఉన్నవాళ్లు, అంటే నెలసరిలో ఉన్నవాళ్లు మాత్రం ఆ అయిదు రోజులూ లాగిన్ కాకూడదు. వాళ్లు దూరంగా ఉంటారు కాబట్టి ఎవరూ వాళ్లకు ఫోన్ చేసేవారు కారు. పిలిచి ఇబ్బంది పెట్టడం ఎందుకని మర్యాద. శ్రావణంలో మొదటిసారి ఇందుమతి అలా అయిదు రోజులు దూరమైంది. ఆ అయిదు రోజులూ హాల్లో సోఫాలో కూర్చుని వాన చూసింది. ఇల్లంతా మనుషులుండగానే తను ఎవరికీ లేనట్టు అనిపించి, ఉల్లిపాయలు తరుగుతున్న నెపాన ఏడ్చింది. మరుసటి నెల నుంచి పూజ బిళ్ళ మొదలుపెట్టింది. రోజుకు మూడు. ఆ ఏడాది అధికమాసం వచ్చింది, వెంటనే శరన్నవరాత్రులు, ఆ తరవాత కార్తీకం. మధ్యలో నాలుగు రోజులు ఆపితే కట్టలు తెగినట్టు రక్తం పోయేది. భయపడి మళ్లీ మొదలుపెట్టేది. నలభై మూడేళ్ల వయసులో ఇదంతా ఒంటికి ఏం చేస్తుందో ఆమెకు చెప్పినవాళ్లు లేరు. చెప్పేవాళ్లను ఆమె అడగనూ లేదు.

అక్టోబరు నుంచే మనసు బాగుండటం మానేసింది. అన్నం గిన్నె దింపుతూ ఉంటే ఏడుపొచ్చేది. పొద్దున లేవగానే ఏదో పెద్ద తప్పు చేసినట్టు దిగులు. ఒకరోజు బట్టలు మడతపెడుతూ, తను లేకపోతే ఈ ఇంట్లో ఏం మారుతుందని ఆలోచించి, ఆ ఆలోచనకు తనే జడుసుకుంది.

"లాక్‌డౌన్ కదా, అందరికీ అలాగే ఉంది ఇందూ. నాక్కూడా పనిమీద మనసు నిలవట్లేదు" అన్నాడు రఘువీర్. అబద్ధం కాదు, అతనికీ అలాగే ఉంది. అయినా జీపీతో, అంటే అక్కడి ఇంటి డాక్టరుతో, ఫోన్ అపాయింట్‌మెంట్ తీసుకున్నాడు. ఆ రోజుల్లో డాక్టర్లు మనిషిని చూడకుండా ఫోన్‌లోనే మాట్లాడేవారు. ఇందుమతి బీయెస్సీ చదివింది, ఇంగ్లీషు రాక కాదు. ఫోన్‌లో గాల్వే యాస అర్థం కాక, మొహమాటపడి ఫోను భర్తకే ఇచ్చేసేది. స్పీకర్ పెట్టి అతనే మాట్లాడాడు. కొంచెం నీరసం, నిద్ర తక్కువ, మిగతాదంతా గ్రాండ్ అన్నాడు. వేరే మందులేమైనా వాడుతున్నారా అని డాక్టర్ అడిగింది.

"నో నో, నథింగ్" అన్నాడు రఘువీర్. అతనికి నిజంగానే తెలియదు. పక్కనే చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న ఇందుమతి తలెత్తింది, నోరు తెరిచింది, మళ్లీ చిక్కుడుకాయల్లోకి చూసింది. భర్త ముందర, అదీ స్పీకర్లో, ఆ మాట ఎలా చెప్పడం? ఐరన్ మాత్రలు రాశారు.

కార్తీకం మొదలైన నాలుగోరోజు ఎడమకాలి పిక్క పట్టేసింది. గంటసేపు మఠం వేసుక్కూర్చుంటే పట్టెయ్యదా అనుకుని నువ్వులనూనె రాసింది. రెండు రోజులకు కాలు వాచి బరువెక్కింది. ఇంకో రెండు రోజులకు మెట్లెక్కితే ఊపిరి అందలేదు. ఊపిరి అందలేదనగానే ఇల్లంతా ఉలిక్కిపడింది. ఆ రోజుల్లో దానికి ఒకటే అర్థం. రఘువీర్ ఆమెను పడకగదిలో పెట్టి, తను కింద సోఫాకు మారాడు. లోహిత కంచం గుమ్మం ముందు పెట్టి, తలుపు తట్టి, పారిపోయేది. పరీక్ష ఫలితం వచ్చేదాకా రెండు రోజులు ఇందుమతి ఆ గదిలోంచే ల్యాప్‌టాప్ పెట్టుకుని చదివింది. ఆయాసానికి నామాలు మధ్యలో తెగిపోతుంటే, "నెట్ వీక్‌గా ఉన్నట్టుంది ఇందూ" అంది ఉమ.

కోవిడ్ లేదని ఫలితం వచ్చింది. రఘువీర్ రెండు చేతులూ జోడించి పైకి చూశాడు. "ఇంకేం భయం లేదు" అనుకుని జీపీకి ఫోన్ చేసి ఆ మాటే చెప్పబోయాడు. ఆవిడ మాత్రం అంతటితో వదల్లేదు. ఆమెతోనే మాట్లాడాలి, ఫోన్ ఇవ్వండి అంది. ఇందుమతి నాలుగు మాటలు చెప్పేసరికి మూడుసార్లు ఆగి ఊపిరి తీసుకుంది. కాలు నొప్పి ఉందా అని డాక్టర్ అడిగింది. ఉందంది. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి, ఆలస్యం చెయ్యొద్దు అంది డాక్టర్.

ఆసుపత్రి తలుపు దగ్గర సెక్యూరిటీ అతను రఘువీర్‌ను ఆపేశాడు. రోగి తప్ప ఎవరూ లోపలికి రాకూడదు, అది అప్పటి రూలు. "ఆమెకు మాట్లాడటం కష్టం, నేను పక్కన ఉండాలి" అని రఘువీర్ బతిమాలాడు. లాభం లేకపోయింది. చక్రాల కుర్చీలో లోపలికి వెళ్తూ ఇందుమతి వెనక్కి చూసింది. పెళ్లయి పదిహేడేళ్లలో అతను పక్కన లేకుండా ఆమె ఏ డాక్టరు గదిలోకీ వెళ్లలేదు. హ్యాండ్‌బ్యాగును ఒళ్లో గట్టిగా పట్టుకుంది. అందులో సగం వాడిన బిళ్ళల అట్ట ఉంది. పౌర్ణమి ఇంకా అయిదు రోజులు.

స్కాన్లు తీశారు. కాలి సిరలో రక్తం గడ్డకట్టిందనీ, అందులో ఒక ముక్క విడిపోయి ఊపిరితిత్తుల్లోకి పోయిందనీ తేలింది. ఇంకా చిన్నదే, సమయానికి వచ్చారు అన్నారు. పొట్ట మీద ఇంజక్షన్ పొడిచి వార్డులోకి మార్చారు. కారణం ఏమిటని ముగ్గురు డాక్టర్లు అడిగారు. ఆమె ముగ్గురికీ తెలియదనే చెప్పింది.

సాయంత్రం మాస్కు, గౌను, కళ్లద్దాలతో ఇంకో డాక్టరు వచ్చి మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. "నమస్తే అమ్మా. నా పేరు దేవమణి. మాది తెనాలి, గుంటూరులో చదివాను. ఎలా ఉంది ఊపిరి?" అంది.

ఆ తెలుగు మాటకే ఇందుమతికి కళ్లలో నీళ్లు తిరిగాయి. తొమ్మిది నెలల్లో ఒక మనిషి పక్కన కూర్చుని ఎలా ఉన్నావని అడగడం అదే మొదలు.

"మీకు దెబ్బ తగల్లేదు, ఆపరేషన్ జరగలేదు, కోవిడ్ లేదు. ఊరికే గడ్డ ఎందుకు కట్టింది? ఇంట్లో ఎవరికైనా ఇలా వచ్చిందా?"

"నేను పుట్టిన నెలకి మా అమ్మకి కాలు ఇంతలావు వాచిందట. బాలింత కాలు అన్నారు. తరవాత తగ్గింది."

దేవమణి ఆ మాట రాసుకుంది. "ఏమైనా బిళ్ళలు వాడుతున్నారా అమ్మా? ఇక్కడెవరూ లేరు. మనిద్దరమే."

నిజమే, ఎవరూ లేరు. ఏ రూలు తలుచుకుని పొద్దున్నించీ వణికిపోయిందో, ఆ రూలు పుణ్యమా అనే ఇప్పుడు గదిలో మగమనిషి లేడు. ఇందుమతి బ్యాగు తెరిచి అట్ట తీసి దుప్పటి మీద పెట్టింది. "పొద్దున కూడా ఒకటి వేసుకున్నానండీ" అంది తల దించుకుని.

డాక్టరు అట్ట తిప్పి చూసింది. ఎన్నాళ్లుగా అని అడిగితే ఇందుమతి చెప్పింది. దేవమణి కుర్చీ ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది. తరవాత తిట్టకుండా, నిదానంగా చెప్పింది.

"మన ఒంట్లో నెలనెలా అండం విడుదలయ్యాక ప్రొజెస్టరాన్ అని ఒక హార్మోను తయారవుతుంది. గర్భసంచి లోపలి పొరను అదే పట్టి ఉంచుతుంది. అది తగ్గిపోతే పొర విడిపోయి నెలసరి వస్తుంది. దాని పని అక్కడితో అయిపోదు. నిద్ర మీదా, మనసు మీదా కూడా దాని ప్రభావం ఉంటుంది. నెలసరి ముందు కొందరికి ఊరికే దుఃఖం వస్తుందే, నలభై దాటాక కొందరికి రక్తం ఎక్కువ పోయి నిద్ర పట్టదే, అందులో ఈ హార్మోను హెచ్చుతగ్గులకూ వాటా ఉంది. మనం దాన్ని కోపిష్టితనం అంటాం, సోకులంటాం. మీరు మింగింది ఆ ప్రొజెస్టరాన్‌కి ఫ్యాక్టరీలో తయారుచేసిన చెల్లెలు లాంటిది. డాక్టరును అడిగి నాలుగు రోజులు వేసుకుంటే చాలామందికి ఏమీ కాదు. మీరు రోజుకు మూడు చొప్పున నెలల తరబడి వేసుకున్నారు. ఇంత మోతాదులో అయితే కొందరికి రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది. కొందరికి మనసు కుంగిపోతుంది. మీ అమ్మగారి కాలి సంగతి వింటే ఏ డాక్టరూ మీకీ బిళ్ళ రాసి ఉండేవారు కాదు."

"అంటే ఇది విషమా అండీ?"

"విషమెందుకవుతుంది? గర్భం నిలవని కొందరికి మేమే ప్రొజెస్టరాన్ ఇస్తాం. నెలసరి ఆగిపోయే వయసులో హార్మోన్లు వాడేవాళ్లకు గర్భసంచికి కాపలాగా ఇస్తాం. మందు మంచిదే. ఎవరికి, ఎంత, ఎన్నాళ్లు అని అడిగేవాళ్లుండాలి, అంతే. సరే, ఇన్నాళ్లు ఎందుకు వేసుకున్నారమ్మా?"

"అమ్మవారి పారాయణం కోసమండీ" అంది ఇందుమతి. అనేసి ఆగిపోయింది. ఆ జవాబు తనకే నిజమనిపించలేదు. "కాదండీ. ఆ అయిదు రోజులూ నాతో మాట్లాడేవాళ్లెవరూ ఉండరు. అందుకని."

దేవమణి తన గ్లవ్స్ చేతిని ఆమె చేతి మీద పెట్టింది. "పూజ సంగతి మీకూ మీ అమ్మవారికీ మధ్యది. నేను చర్చికి వెళ్లేదాన్ని, నేను చెప్పకూడదు. ఈ మాట మాత్రం ఇంకోసారి దాచకండి" అంది. అట్ట తనే తీసుకెళ్లింది.

ఇందుమతి ఆసుపత్రిలో మూడు రోజులుంది. రఘువీర్ పూటపూటకూ ఫోన్ చేసేవాడు. కూతురు వీడియోలో ఏడ్చింది. బృందం నుంచి మాత్రం రెండో రోజున ఉమ పంపిన మెసేజ్ ఒక్కటే వచ్చింది. "పర్లేదు ఇందూ, అయిదు రోజులేగా. పౌర్ణమికి వచ్చేస్తావులే. రెస్ట్ తీసుకో." పక్కన నవ్వుతున్న బొమ్మ. అంతే. నలభై మందిలో ఇంకెవరూ పలకరించలేదు. ఇందుమతి ఆ మెసేజ్‌ను పదిసార్లు చదివింది. ఊపిరితిత్తుల్లో గడ్డతో తను మంచంలో ఉంటే, తను బయట ఉందనుకున్నారు. బయట ఉన్న మనిషిని పిలవకూడదు కదా. తను చచ్చిపోయినా అయిదు రోజుల వరకూ ఎవరికీ అనుమానం రాదని ఆమెకు అప్పుడు తెలిసింది.

ఇంటికి తీసుకెళ్తూ కారులో రఘువీర్‌కు అంతా చెప్పింది. అతను సిగ్నల్ పచ్చబడినా కదల్లేదు. వెనక కారువాడు హారన్ కొట్టాడు.

"నాతో ఒక్క మాట అనొచ్చుగా ఇందూ."

"ఫోన్లో ఆ డాక్టరు అడిగినప్పుడు మీరు నా వంక చూడనైనా చూడలేదండీ. లేదని చెప్పేశారు."

అతను కారు ముందుకు పోనిచ్చాడు. ఇంటికొచ్చాక ఆఫీసు ల్యాప్‌టాప్ తెచ్చుకుని, పై గదికి వెళ్లకుండా ఆమె ఎదురుగా కూర్చుని పని చేసుకున్నాడు.

బిళ్ళలు ఆపిన మూడోరోజుకు నెలసరి రానే వచ్చింది. రక్తం పలచబరిచే మందు వాడుతున్నారు కాబట్టి ఎక్కువగా పోతే వెంటనే ఫోన్ చేయమని దేవమణి ముందే చెప్పింది. ఈసారి జీపీతో ఇందుమతే మాట్లాడింది. యాస అర్థం కానిచోట, మళ్లీ చెప్పండి అని అడిగింది. ఆకాశం ఏమీ విరిగిపడలేదు.

కార్తీక పౌర్ణమి ఉదయం ఏడింటికి ఆమె ప్రెస్ తలుపులు తీయలేదు. హాల్లో సోఫా మీద కూర్చుని జూమ్ తెరిచింది. ఈ మాట చెప్పాక వీళ్లు తనను మళ్లీ పిలవకపోతే, తనకు ఇక ఆ పావుగంట కూడా ఉండదు.

"వచ్చేశావా ఇందూ. అమ్మయ్య. మొదలుపెట్టు" అంది ఉమ.

"నేను చదవడానికి రాలేదు ఉమ గారూ. ఇవాళ నాకు మూడోరోజు. నియమం తప్పానని తెలుసు. రెండు నిమిషాలు మాట్లాడి వెళ్లిపోతాను."

గడుల్లో మొహాలన్నీ కదలకుండా నిలిచిపోయాయి. ఇందుమతి చెప్పింది. ఏ బిళ్ళ, రోజుకు ఎన్ని, ఎన్ని నెలలు, కాలు ఎలా వాచింది, ఊపిరి ఎలా ఆగింది, మనసు ఎలా కుంగింది, తల్లి కాలి సంగతి తను ఎవరికీ ఎందుకు చెప్పలేదు, అన్నీ.

"ఇప్పుడవన్నీ ఎందుకు ఇందూ, ఇళ్లల్లో మగవాళ్లు వింటుంటారు" అంది ఉమ గొంతు తగ్గించి.

"విననివ్వండి. వినకపోవడం వల్లే నేను అక్కడిదాకా పోయాను. మూడు రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. మీలో ఒక్కరూ ఫోన్ చెయ్యలేదు. మిమ్మల్ని అనడానికేం లేదు. ఇంకెవరు కనబడకపోయినా నేనూ చేసేదాన్ని కాదు. మన అలవాటే అంత."

రెండు గడులు మాయమయ్యాయి. ఇంకొకావిడ కెమెరా ఆపేసింది. ఉమ మొహం తిప్పుకుంది. ఇందుమతి ఇక సెలవు తీసుకుందామనుకుంటూ ఉంటే, డండాక్‌లో ఉండే అలేఖ్య మ్యూట్ తీసింది. పెళ్లయి ఏడాది, భర్త మూడు నెలలుగా పనిమీద వేరే ఊళ్లో చిక్కుకుపోయాడు. ఇన్నాళ్లలో ఆ పిల్ల పారాయణం తప్ప మాట్లాడిందే లేదు.

"అక్కా, నేనూ వేసుకుంటున్నా. అయిదు నెలల్నుంచి. నాక్కూడా ఏడుపొస్తూనే ఉంటుంది. లాక్‌డౌన్ వల్ల అనుకున్నా."

"కాలేమైనా నొప్పిగా ఉందా?"

"లేదక్కా. కానీ భయమేస్తోంది."

"ఇవాళ పొద్దున్నే జీపీకి ఫోన్ చెయ్యి. ఉన్నదున్నట్టు చెప్పు. చెప్పి నాకు ఫోన్ చెయ్యి. ఏ రోజైనా సరే, రోజులతో పని లేదు."

పారాయణం ఆ రోజు చాలా ఆలస్యంగా మొదలైంది. ఎవరో మొదలుపెట్టారు, గొంతు అంత బాగా లేదు. ఇందుమతి సోఫాలోనే కూర్చుని కెమెరా ముందు పెదాలు కదిపింది. ఆమెను వెళ్లిపొమ్మని ఉమ అనలేదు. మధ్యాహ్నం ఉమ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. ఇందులో బొమ్మలేమీ లేవు. "మీ డాక్టర్ దేవమణి గారు ఒక ఆదివారం మన అందరితో మాట్లాడతారేమో అడుగుతావా?"

అయ్యా, అమ్మా, మీ ఇంట్లో ఆడవాళ్లు మీకు కనిపించకుండా ఏ బిళ్ళ మింగుతున్నారో మీకు తెలుసా? మందుల షాపువాడు అడగడు, సిగ్గు చెప్పనివ్వదు, కాబట్టి ఇంట్లోవాళ్లే అడగాలి. ఆడదాని ఒంట్లో హార్మోను తగ్గినా పెరిగినా వైద్యం ఉంది. నువ్వెలా ఉన్నావని అడిగే మనిషి లేకపోతే ఆ వైద్యం ఆమె దాకా రాదు.